హాజరు పట్టీ

సోషల్ మాస్టారికి క్లాసులో మొదటి అయిదు నిమిషాలూ హాజరుకే పోతాయి. ముప్పై ఏళ్లుగా పల్నాటి బళ్లలో పేర్లు పిలుస్తున్నాను. ఇన్నారెడ్డి, శౌరి, చిన్నపరెడ్డి, రాయపరెడ్డి, లూర్దుమేరి, అంతోని. "ఎస్సార్, ఎస్సార్" అంటూ వెనక బెంచీల దాకా జవాబులు పాకుతాయి. కతోలిక ఇంట్లో పుట్టినవాణ్ణి కనక ఆ పేర్లు నా చెవికి ఎప్పుడూ వింతగా తోచలేదు. ఓ జూన్ నెలలో బదిలీ మీద కొత్తగా వచ్చిన తెలుగు మాస్టారు నా రిజిస్టరు తిరగేసి, "శౌరి అంటే విష్ణువు కదండీ, మీవాళ్లకు ఆ పేరేమిటి?" అన్నారు. అన్నేళ్లూ చంకలో పెట్టుకు తిరుగుతున్నదేమిటో అప్పుడు తెలిసింది.

మా శౌరి ఫ్రాన్సిస్ జేవియర్. తమిళం నోట సవేరియార్ అయి, తెలుగు నోట శౌరి అయ్యాడు. విష్ణు సహస్రనామంలో ఉన్న పేరులో స్పెయిన్ దేశపు సన్యాసి హాయిగా ఇమిడిపోయాడు. ఇన్నయ్య అంటే యేసుసభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్. చిన్నప్ప అంటే పౌలు; లాటిన్‌లో పౌలుస్ అంటే చిన్నవాడనే. రాయప్ప పేతురు. పేతురు అంటే రాయి కాబట్టి రాయప్ప అయ్యాడని మా ఇళ్లలో అంటారు. కాదు, అది రాయలులోని రాయే అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నేను పేచీ పెట్టుకోను.

ఈ పేర్లకు వయసు కూడా కట్టవచ్చు. ఫ్రాన్సులోని లూర్దు దగ్గర బెర్నదెత్తు అనే పిల్లకు మరియమాత దర్శనం అయింది 1858లో. అంచేత లూర్దు పేరు పెట్టుకున్నవాళ్లు ఎవరూ అంతకు ముందు పుట్టి ఉండరు. 1924లో ఫాదర్ అర్లాటి ఆ తల్లి స్వరూపాన్ని బెజవాడ గుణదల కొండమీదికి తెచ్చాక ఇంటికో లూర్దమ్మ అయింది. ఫిబ్రవరి తిరునాళ్లకు తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి వచ్చే జనంలో ఎవరు కతోలికులో ఎవరు కాదో నాకైతే తెలియదు. ఇన్నయ్యలదీ శౌరులదీ అంతకన్నా కింది పొర. ఆ ఇద్దరి పేర్లూ ఇక్కడ నాటింది యేసుసభ గురువులు. ఐరోపా రాజుల ఒత్తిడికి తలొగ్గి 1773లో పోపు పద్నాలుగో క్లెమెంట్ ఆ సభనే రద్దు చేశాడు. 1814 దాకా అది మళ్లీ లేవలేదు. నలభై ఏళ్ల పైచిలుకు రోములో చెల్లని సభ నాటిన పేర్లను మన పల్లెల్లో మాననట్టే ఉంది. మానితే నా రిజిస్టరు దాకా వచ్చేవి కావు.

ఇంకొకటి గమనించాను. పోర్చుగీసు వాళ్ల నుంచి మనం బొత్తాం, అల్మారా, ఇస్త్రీ, తువ్వాలు, అనాస అన్నీ పేర్లతో సహా తీసుకున్నాం. మేస్త్రీ కూడా వాళ్ల మాటే. వాళ్ల ఓడల వెంట వచ్చిన మతానికి మాత్రం మాటలు ఇక్కడివే వెతుక్కున్నాం. గుడికి పోతే పూజ, నలభై రోజుల ఉపవాసం తపస్సుకాలం, నుదుట బూడిద పెట్టే రోజు విభూతి బుధవారం. పక్కవీధి ప్రొటెస్టెంటు మిత్రులు ఈ మాటలు విని నవ్వుతారు, వాళ్లది ఆరాధన కదా. దీనికి సంస్కృతీకరణ అనో సంస్కృత్యనుకూలత అనో సెమినార్లలో పెద్ద పేర్లు పెడతారు. మా నాయనమ్మకు ఆ పేర్లేవీ తెలియవు. ఆవిడ పూజకు పోయి వచ్చేది, అంతే.

మాటల పక్కన మాటలు పెట్టి చూడటం నేను కనిపెట్టింది కాదు. గాస్తోఁ కూర్దూ అని ఒక ఫ్రెంచి యేసుసభ గురువు 1732లో ఇటు వచ్చాడు. తెలుగు నేర్చాడు, నిఘంటువు కట్టాడు, సంస్కృతం చదివాడు. దానం పక్కన లాటిన్ దోనుం, విధవ పక్కన విదువా పెట్టి, సంస్కృతానికీ లాటిన్‌కూ ఎక్కడో చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండితులకు రాశాడు. పాఠ్యపుస్తకంలో ఆ గౌరవం 1786 నాటి విలియం జోన్స్ ఉపన్యాసానికి దక్కింది. ఫ్రాన్సులో ఆ కాగితాలు అచ్చయ్యేసరికి 1808. అప్పటికి జోన్స్ కూడా పోయాడు. కూర్దూ ఎప్పుడో 1779లో, తన సభ రద్దయ్యాక, పుదుచ్చేరిలో కన్నుమూశాడు. పదో తరగతి పరీక్షలో ఈ ప్రశ్న రాదు. అయినా ఏటా చెబుతాను.

అటునుంచి ఇటు వచ్చినవాళ్ల సంగతే కాదు, ఇక్కడివాళ్లు చేసిందీ ఉంది. మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను 'వేదాంత రసాయనం' పేరుతో ప్రబంధం చేశాడు. పింగళి ఎల్లనార్యుడు రాసిన 'తోభ్యా చరిత్ర' అంకితం తీసుకున్నది తుమ్మా రాయపరెడ్డి. చూశారా, రాయపరెడ్డి! పొద్దున నేను పిలిచిన పేరే. తోబీతు కథ కతోలిక బైబిల్లో ఉంది, ప్రొటెస్టెంటుల బైబిల్లో లేదు. నీనెవె పట్టణంలో చెరలో ఉన్న ముసలాయన, తనవాళ్ల శవాలు దిక్కులేకుండా పడి ఉంటే రాజుకు భయపడకుండా తీసుకుపోయి పాతిపెట్టేవాడు. చూపు పోయింది. కొడుకు దూరదేశం పోయి వచ్చి చేప పిత్తంతో ఆ చూపు తెప్పించాడు. దారి పొడుగునా వాళ్ల కుక్క కూడా నడుస్తుంది. బైబిల్లో కుక్కకు అంతటి మర్యాద ఇంకెక్కడా కనబడదు.

నాకు ఆ కథలో గుచ్చుకునేది శవాల సంగతి. నేను పనిచేసిన ఒక ఊళ్లో గుడి ఒకటే, సమాధుల దొడ్లు మాత్రం రెండు. నవంబరు 2న సమాధుల పండుగకు రెండు చోట్లా కొవ్వొత్తులు వెలుగుతాయి, గురువుగారు రెండు చోట్లా తీర్థం చల్లుతారు. మొదటి ఏడు నేను రెండో దొడ్డిలోకి పోయి నిలబడితే, ఇవతలి పెద్దమనిషి ఒకాయన "మాస్టారూ, మీవాళ్లు ఇటు కదా" అన్నాడు. కోపంతో కాదు, దారి తప్పానేమోనన్న జాలితో. నాలుగు వందల ఏళ్ల కిందట మదురైలో రాబర్ట్ డి నోబిలి అనే యేసుసభ గురువు శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణుడి దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు; జందెం, పిలక ఉంచుకోవచ్చని 1623లో రోము నుంచి అనుమతి కూడా వచ్చింది. గొప్ప సాహసమే. ఆ ఒప్పందంలో జందెంతో పాటు ఇంకేం లోపలికి వచ్చిందో మేం లెక్క రాసుకోలేదు. చరిత్ర చెప్పేవాణ్ణి, నేనే ఇన్నేళ్లూ రాసుకోలేదు.

ఆ లెక్క అడ్మిషన్ రిజిస్టరులో ఉంది. అందులో కులం గడి ఉంటుంది. ఇన్నారెడ్డికి ఓసీ. అదే గుడిలో అదే తొట్టి దగ్గర జ్ఞానస్నానం పొందిన దళిత పిల్లవాడికి బీసీ-సి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ ఆ ఉత్తర్వును సడలించారు, వీళ్లకు లేదు. క్రీస్తులో కులం లేదని ఆదివారం ఉపదేశి చెబుతాడు. ప్రభుత్వం కూడా ఆ మాటే అంటోంది. ఇద్దరి మాటా వింటూ వాడు పెదపల్లె వైపు నడిచి ఇంటికి పోతాడు.

2022 ఆగస్టు 27న పోపు ఫ్రాన్సిస్ కొత్త కార్డినళ్లను నియమించాడు. అందులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని ఉన్నారు. కర్నూలు వైపు మనిషి. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటివారు. సోమవారం ఆ వార్త ఉన్న పేపరు పట్టుకుని క్లాసుకు వెళ్లి పేర్లు పిలిచాను. ఆ ఏడు తొమ్మిదో తరగతిలో అంతోనీలు ముగ్గురు. ముగ్గురూ బీసీ-సి.