మంచువాలుపై ఒక రోజు

దక్కను పీఠభూమిలో పుట్టి పెరిగినవారికి మంచు అంటే మార్గశిర మాసపు వేకువలో గడ్డిపరకలపై మెరిసే బిందువులు మాత్రమే. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల రాతిమెట్లు వేసవి మధ్యాహ్నం కాలు మోపనివ్వవు. అయినా హిమాలయాల పిలుపు ఈ వేడినేలకూ వినిపిస్తూనే ఉంటుంది. భువనగిరి కొండరాళ్లపై శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల ప్రాయంలో, ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. శిఖరాలకు పోలేనివారిని మంచువాలులు పిలుస్తాయి.

తార్నాకలో చిన్న అద్దెగదిలో ఉంటూ ఉస్మానియాలో చదువుకుంటున్న ఒక విద్యార్థి, 2008 ఫిబ్రవరిలో నలుగురు మిత్రులతో కలిసి కాశ్మీరంలోని గుల్మార్గ్‌కు వెళ్లాడు. ఏడాదిపాటు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్మే అతని ఆధారం. సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మార్గ్‌లో స్కీయింగ్, పర్వతారోహణలు నేర్పే జాతీయ సంస్థ 1968లోనే వెలసింది. తీగమార్గం వచ్చాక ఆ వాలులకు దేశవిదేశాల నుండి క్రీడాకారులు రాసాగారు.

స్కీలు అద్దెకిచ్చే దుకాణంలో మిత్రులు నలుగురూ కొత్త జతలు తీసుకున్నారు. ఇతని చేతి సొమ్ముకు పాత జతే దక్కింది. 1990ల దశకంలో స్కీల ఆకృతి మారింది. కొనలు వెడల్పుగా, నడుము సన్నగా ఉండే పొట్టి స్కీలు వచ్చాయి. కాస్త పక్కకు ఒరిగితే చాలు, అవి వాటంతట అవే మలుపు తిరుగుతాయి. పాతవి అలా కావు. మనిషికంటే పొడవుగా, దాదాపు తిన్నగా ఉంటాయి. నేరుగా జారేటప్పుడు ఎంత నిలకడ చూపుతాయో, మలుపు దగ్గర అంత మొండికేస్తాయి.

“సాలార్‌జంగ్ మ్యూజియంలో పెట్టవలసినవి తెచ్చావేమిరా!” అని మిత్రులు నవ్వారు.

అతడు బదులు చెప్పలేదు. మూడు చేతులు మారిన సైకిలు మీద రోజూ తార్నాక నుండి కళాశాలకు పోయేవాడికి పాతవస్తువు కొత్త కాదు. ఆ సైకిలు బాగుచేసే వృద్ధుడు తరచు అనే మాట అతనికి జ్ఞాపకం వచ్చింది. “బండి పాతదైతే భయం లేదు బాబూ, బ్రేకు పాతదైతేనే భయం.” అతడు స్కీలను తిరగవేసి చూశాడు. ఉక్కు అంచులకు తుప్పు పట్టింది. అడుగుభాగం గీతలు పడి ఉంది. బూటును స్కీకి బంధించే బిగింపు మాత్రం ఎలా ఉందో అతనికి అర్థం కాలేదు.

శిక్షకుడైన కాశ్మీరీ వృద్ధుడు ఉర్దూలో పలకరించాడు. ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన విశ్వవిద్యాలయపు విద్యార్థి, తార్నాక వీధుల్లో నేర్చిన హైదరాబాదీ ఉర్దూలో తన సందేహం చెప్పుకున్నాడు. వృద్ధుడు మోకాళ్లపై కూర్చుని బిగింపును పరీక్షించాడు. మరలు సరిచేసి, బూటును పక్కకు బలంగా తోసి చూశాడు. “బేటా, ఇది కాలిని పట్టుకోవడం ఎంత ముఖ్యమో, వేళకు వదలడం అంతకంటే ముఖ్యం. పడినప్పుడు వదలకపోతే మోకాలు పోతుంది” అన్నాడు.

ఆ మాటలోని సత్యం గంటలోపే తెలిసివచ్చింది. వాలు మధ్యలో ఎడమ స్కీ మంచులో దిగబడింది. శరీరం ఒకవైపు, కాలు మరొకవైపు తిరిగాయి. మరుక్షణం చిన్న చప్పుడుతో బిగింపు విడివడి, స్కీ పక్కకు దొర్లిపోయింది. అతడు లేచి మోకాలు వంచి చూసుకున్నాడు. నొప్పి లేదు.

ఆపై నేర్పు మెల్లగా అలవడింది. ముందుకొనలు దగ్గర చేసి, వెనుకకొనలు ఎడంచేసి నాగలికర్రు ఆకారంలో నిలిపితే వేగం తగ్గుతుంది. ఒక కాలిపై బరువు పెంచితే రెండవ వైపుకు మలుపు తిరుగుతుంది. కొత్త స్కీలపై మిత్రులు ఇట్టే తిరగగలిగిన చోట, అతడు ముందుగానే ఆలోచించి, బరువు మార్చి, ఓపికతో తిప్పవలసి వచ్చింది. మధ్యాహ్నపు ఎండకు మంచు తడిసి స్కీల అడుగున అంటుకోసాగింది. వృద్ధుడు ఒక కొవ్వొత్తి ముక్క ఇచ్చి అడుగున రుద్దమన్నాడు. సైకిలు గొలుసుకు నూనె వేయడం తెలిసిన చేతులకు ఆ పని తేలికే అయింది. సాయంత్రానికి అతడు పడకుండా వాలు చివరిదాకా దిగగలిగాడు. అంతవరకు నవ్విన మిత్రులే ఆ కొవ్వొత్తి కోసం చేతులు చాచారు.

ఈ క్రీడలో భారతీయుల ప్రస్థానం కూడా సౌకర్యాల మధ్య సాగినది కాదు. 1964లో ఇన్స్‌బ్రుక్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారతదేశం పక్షాన తొలిసారిగా జెరెమీ బుయకోవ్‌స్కీ ఒక్కడే స్కీలు కట్టుకొని నిలిచాడు. 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లోనూ మన దేశపు క్రీడాకారుడు ఒక్కడే. అతడు ఆరిఫ్ ఖాన్. గుల్మార్గ్‌లో తండ్రి నడిపిన స్కీ పరికరాల దుకాణమే అతనికి తొలి పాఠశాల.

పరికరం కొత్తదైతే శ్రమ తగ్గుతుంది, నిజమే. పాతదైతే దాని స్వభావాన్ని తెలుసుకోక తప్పదు. ఏ లోపాన్ని ఓర్చుకోవచ్చో, ఏ లోపాన్ని క్షణమైనా ఉపేక్షించరాదో గుర్తెరగడమే వివేకం. ఆ సాయంత్రం స్కీలు తిరిగి ఇచ్చేముందు ఆ విద్యార్థి వాటి అంచుల తడిని గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. అద్దె చెల్లించాక ఆ పని అతనిది కాదు. అయినా, చేతిలో సొమ్ము తక్కువైన మరొకరెవరో మరునాడు వాటిని కట్టుకోవలసి ఉంది.