కంప్యూటర్లో లేని గూడెం

మా గూడేనికి రోడ్డు లేదని మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. లెక్కల్లో పేరు కూడా లేదని మాత్రం పెద్దయ్యాకే తెలిసింది.

మందస దాటి మహేంద్రగిరి వైపు వెళ్తే తారు రోడ్డు ఒక ఊరి దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి గొర్జి, తర్వాత గెడ్డ, దాని పైన ముప్పై రెండు గడపల మా సవర గూడెం. గెడ్డ పొంగితే నిండు చూలాలిని డోలీలో దించాలి. పలాసలో జీడిపిక్కలు 80 కేజీల బస్తా లెక్కన కొంటారు. మేం వాటిని కావిళ్లలో కొంచెం కొంచెంగా కిందికి చేరుస్తాం. దించాక వ్యాపారి ఎంతంటే అంతే ధర. తిరిగి పైకి మోసుకుపోలేం కదా! 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి చెట్లు దారికడ్డంగా పడితే గొడ్డళ్లతో మేమే నరుక్కున్నాం.

కొన్నేళ్ల కిందట పెద్దలతో కలిసి ఒక ఆఫీసుకి వెళ్లాం. టీటీసీ చదివిన వాళ్లమని అర్జీ రాసే పని మామీదే పెట్టారు. అక్కడి కుర్రాడు ఓపిగ్గా కంప్యూటర్లో వెతికి, తెర మావైపు తిప్పాడు. కింది ఊరి పేరుంది. దానికి రోడ్డు ఉన్నట్టుంది. మా జనాన్ని ఆ ఊరి లెక్కలోనే కలిపేశారు.

"అయితే మేం లేమేటి బాబూ?" అని మా ముసలాయన అడిగాడు. ఆ కుర్రాడు తల దించుకున్నాడు. తప్పు అతనిది కాదు. ఎక్కించిందే తెరమీద కనిపిస్తుంది.

ఆ రోజు నుంచి ఈ లెక్కలు ఎలా నడుస్తాయో తెలుసుకోవడం మొదలుపెట్టాం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. 2001 జనాభా లెక్కల ప్రకారం మైదానంలో 500 మంది, కొండ రాష్ట్రాల్లో, ఎడారి ప్రాంతాల్లో, ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసాలకు రోడ్డు వేయాలన్నది మొదటి నియమం. శ్రీకాకుళం జిల్లాలో చాలా సవర గూడేలు ఐదో షెడ్యూలుకు బయటే ఉన్నాయి. 2024లో ఆమోదించిన నాలుగో దశకు 2011 జనాభా లెక్కలు ఆధారం.

ఈ పథకం రోడ్ల వివరాలన్నీ ఓమాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఉంటాయి. దాన్ని తయారుచేసింది సీ-డాక్ సంస్థ. ఏ రోడ్డు ఎన్ని కిలోమీటర్లు, ఎంత డబ్బు మంజూరైంది, పని ఎంతవరకు వచ్చింది, తనిఖీకి వచ్చినవాళ్లు ఏ ఫొటోలు తీశారు అన్నీ అందులో ఎక్కిస్తారు. దీనికి తోడు ఆవాసాలనూ రోడ్లనూ చూపించే పటం ఉంది. 2022లో ఆ పటం సమాచారాన్ని అందరికీ అందుబాటులో పెట్టారు.

నియమాల్లో ఒక మాట మాకు పనికొచ్చింది. దగ్గరదగ్గరగా ఉన్న ఆవాసాల జనాన్ని కలిపి లెక్కించవచ్చు. మైదానంలో అయితే అర కిలోమీటరు లోపు, కొండల్లో అయితే నడకదారిన కిలోమీటరున్నర లోపు ఉండాలి. మా పక్కన ఇంకో రెండు గూడేలున్నాయి. ఎంత దూరం? ఎవరూ కొలవలేదు.

అందుకని నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు అదే లెక్కల పాఠం చేశాం. పది మీటర్ల తాడు పట్టుకుని దారి కొలిచారు. గడపగడపకీ వెళ్లి మనుషుల్ని లెక్కపెట్టారు. ఫోనులో ప్రతి గూడెం దగ్గరా అక్షాంశం, రేఖాంశం చూసి పలకమీద రాశారు. గూడెం పేరు సవరలో ఎలా పలుకుతారో, తెలుగులో ఎలా రాయాలో ముసలివాళ్లని అడిగి రాసుకున్నారు. మూడు గూడేలు కలిపితే 270 పైన తేలారు. దూరాలు కూడా కిలోమీటరున్నర లోపే.

పిల్లల లెక్క ప్రభుత్వ జనాభా లెక్క కాదు. ఆ సంగతి మాకు తెలుసు. కానీ ఆ కాగితం పట్టుకుని గ్రామసభలో మాట్లాడితే వినేతీరు మారింది. "రోడ్డు వేయండి" అన్న ఏళ్లలో దణ్ణాలు పెట్టాం. "ఈ మూడు గూడేల్నీ విడిగా నమోదు చేసి, కలిపి లెక్కించండి" అన్న రోజు తీర్మానం రాసుకున్నారు.

ఉద్దానం తీరంలో పనిచేసే మా తోటి ఉపాధ్యాయుడి బాధ వేరు. అక్కడ రోడ్లున్నాయి, గుంతలున్నాయి. కిడ్నీ జబ్బువాళ్లు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి పలాసకో టెక్కలికో ఆటోలో ఆ గుంతల్లోనే కుదుపులు తింటూ వెళ్లాలి. ఈ పథకం కింద వేసిన రోడ్డయితే పూర్తయ్యాక అయిదేళ్లు కాంట్రాక్టరే బాగుచేయాలి. ఆ పనుల తనిఖీ, చెల్లింపు ఈ-మార్గ్ అనే వ్యవస్థలో నడుస్తాయి. రోడ్డు మొదట్లో ఉన్న బోర్డు చదివి, గుంత ఫొటో తీసి, మేరీ సడక్ యాప్‌లో ఫిర్యాదు పెట్టవచ్చని అతనికి చెప్పాం. రోడ్డు లేనివాడు పేరు ఎక్కించుకోవాలి. ఉన్నవాడు దాని బాగోగులు అడగాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన చేతుల్లో ఫోన్లున్నాయి. పాటలు వినండి, సినిమాలు చూడండి. ఒక్క పూట మాత్రం మీ గూడెం పేరు ఆ లెక్కల్లో ఉందో లేదో వెతకండి. అక్షరాలు తప్పుంటే దిద్దమని అడగండి. తోటి ఉపాధ్యాయులకూ ఒక మాట: దూరం, జనాభా, పటం అనే పాఠాలు మన పుస్తకాల్లో ఉన్నవే. వాటిని మన దారిమీద చెబితే చాలు.

మాకింకా రోడ్డు రాలేదు. ఈ వానల్లోనూ ఒక తల్లిని డోలీలోనే దించాం. అయితే మొన్న ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో మూడు గూడేల పేర్లూ విడివిడిగా ఉన్నాయి. ఒక పేరులో అక్షరం తప్పు పడింది. అయిదో తరగతి పిల్ల అది పట్టుకుంది. దిద్దించడానికి సోమవారం మళ్లీ వెళ్తున్నాం.