డెలానో నుంచి రెండు ఉత్తరాలు

డెలానో, కాలిఫోర్నియా
సెప్టెంబరు, సాయంత్రం

అన్నయ్యా,

ఇక్కడి ఎండ మన సింధనూరు ఎండకు పెదనాన్న వరస. కాళ్లు పీకుతున్నా నీ ప్రశ్నకు జవాబు బాకీ ఉండిపోయింది. మన తెలుగువాళ్ల క్యాంపులో రామాలయం పక్కనున్న పాత హాలు పడగొట్టి ఏసీ ఫంక్షన్ హాలు కడదామని కమిటీ అంటోందనీ, "ఆ రేకుల కొట్టంలో ఏముందిరా దాచుకోడానికి?" అనీ రాశావు. దానికి ఈ ఊళ్లోని ఫిలిపినో కమ్యూనిటీ హాలును సాక్ష్యం పిలుస్తున్నాను. యోసెమిటీ పార్కు సంగతి రాయకుండా హాలు గొడవేమిటని వదిన అడుగుతుంది కదా, చెప్పు: కొండలు పెద్దవి, టికెట్టూ పెద్దదే.

ఈ లోయలో ద్రాక్ష కోసిన ఫిలిపినో కూలీలు చాలామంది 1920ల్లో, 30ల్లో కుర్రవాళ్లుగా వచ్చారు. అప్పుడు వాళ్ల దేశం అమెరికా ఏలుబడిలో ఉండేది గనక రావడానికి అడ్డు లేదు, వచ్చాక మాత్రం అన్నీ అడ్డంకులే. 1933లో కాలిఫోర్నియా చట్టం వాళ్లు తెల్లవాళ్లను పెళ్లాడకూడదంది. 1934 చట్టం ఏడాదికి 50 మందికి మించి రానివ్వలేదు. వాళ్ల దేశపు ఆడవాళ్లు ఇక్కడ బహు తక్కువ. దాంతో ఎంతోమంది పెళ్లి లేకుండానే ముసలివాళ్లయ్యారు. పౌరసత్వం 1946 చట్టంతో గానీ దక్కలేదు, మన దేశం వాళ్లకు ఆ తలుపు తెరిచిందీ ఆ చట్టమే. వాళ్లను అందరూ 'మనోంగ్' అనేవారు. ఇలొకానో భాషలో ఆ మాటకు అర్థం అన్నయ్య. పిల్లలు లేని మనుషులకు ఊరు ఊరంతా తమ్ముళ్లయిందన్నమాట.

వాళ్లు ఉండేది తోటల యజమానులు కట్టిన కూలీల క్యాంపుల్లో. మంచం, పొయ్యి, నీళ్ల కుళాయి అన్నీ ఆసామివే. పడుకునే మంచం కూడా ఆసామిదే అయినప్పుడు కూలీ నోరు విప్పితే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? హాలు విలువ ఈ ప్రశ్నలోనే ఉంది. అది ఫిలిపినోల సొంత స్థలం. మేస్త్రీ వచ్చి లేవమనలేడు. పండగ భోజనాలకూ డ్యాన్సులకూ పనికొచ్చే మామూలు హాలే, కానీ తమ మాట తాము మాట్లాడుకోడానికి ఎవరి సెలవూ అక్కర్లేని కప్పు. 1965 సెప్టెంబరు 7 రాత్రి వాళ్లు ఆ కప్పు కిందే సమ్మెకు చేతులెత్తారు. కోచెల్లా లోయలో ఆ వసంతంలోనే పని ఆపి గంటకు 1.40 డాలర్లు సాధించుకుని, కోత వెంట ఉత్తరానికి వచ్చారు. ఇక్కడ అదే చేతులకు, అదే కాయకు తక్కువ కూలి అన్నారు. గంటకు 1.40, పెట్టెకు పావు డాలరు కావాలన్నది వాళ్ల కోరిక. పండిన ద్రాక్ష తీగ మీద ఎన్నాళ్లో ఆగదు, వాళ్ల బలమంతా ఆ నాలుగు రోజుల్లోనే. మరునాడు పని ఆగింది. యజమానులు క్యాంపుల్లో నీళ్లు, గ్యాసు, కరెంటు ఆపి కూలీలను బయటికి నెట్టారు. అలా వచ్చినవాళ్లకు అన్నం పెట్టింది ఈ హాలు వంటగదే.

బస్సు వేళయింది. మిగతాది ఫ్రెజ్నో నుంచి.

ఫ్రెజ్నో బస్ స్టేషన్
మరునాడు పొద్దున

అన్నయ్యా,

రాత్రి కొంచెం జ్వరం తగిలింది, అమ్మకు చెప్పకు. మిరియాల చారు మీదకు మనసు పోతోంది, ఇక్కడ దొరికేది టమాటా సూపే.

నువ్వు వేసే అడ్డుప్రశ్నలు నాకు తెలుసు. మొదటిది: ఆ హాలు గోడల్లో శిల్పం ఏముంది? ఏమీ లేదు. శిల్పమే కొలత అయితే కూలీల చరిత్ర ఎక్కడా నిలవదు, శిల్పులను పెట్టుకునే డబ్బు వాళ్లకు ఎన్నడూ లేదు గనక. వాళ్లు వదిలి వెళ్లగలిగింది ఇలాంటి కప్పులే. రెండోది: ఆ ఉద్యమానికి గుర్తుగా డెలానో ఊరి అంచున 'నలభై ఎకరాలు' అనే చోటు ఉంది కదా, 2008లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు కదా, ఇంకొకటెందుకు? నిజమే, 1970లో సమ్మెను ముగించిన ఒప్పందాల మీద సంతకాలు పడింది అక్కడే. కానీ మొదటి చేతులు లేచింది హాల్లో. మెక్సికన్ కూలీల సంఘం, సీజర్ చావెజ్ నాయకత్వంలో, సమ్మెలో చేరాలని తీర్మానించింది సెప్టెంబరు 16న. గెలిచిన చోటునే దాచుకుంటే లారీ ఇట్లియాంగ్, ఫిలిప్ వెరా క్రూజ్ లాంటి ఫిలిపినో నాయకులు కథలో అడుగున చిన్నక్షరాలవుతారు. అలా చాలా ఏళ్లు జరిగింది కూడా. 1965కు ముందు ఒక జాతి సమ్మె చేస్తే యజమానులు రెండో జాతిని కూలికి దింపేవారు. ఆ రెండు జాతులూ ఒకే వంటగదిలో కంచం పట్టుకున్నది ఈ హాల్లో. ఆ సంగతి చెప్పడానికి పుస్తకం చాలదా అంటావు. పుస్తకం తెరిచేవాడికే చెబుతుంది, భవనం దారిన పోయేవాడిని ఆపి అడుగుతుంది.

మూడో ప్రశ్నే గట్టిది: ఫిలిపినోలంతా సమ్మె వైపు లేరు కదా, మేస్త్రీల్లోనూ ఫిలిపినోలుండేవారు, కొందరు తిరిగి పనికీ పోయారు కదా? అవును. అందుకే దాన్ని గుడి చేయకూడదు. పోట్లాడుకుని కూడా మళ్లీ అక్కడే కూర్చోగల చోటు కాబట్టే అది సమాజానిదయింది. ఇక నాలుగోది: ఇప్పటివాళ్ల అవసరం మాటేమిటి? పాతదాన్ని అద్దాల పెట్టెలో పెట్టమని ఎవరూ అనడం లేదు. హాలుకు ప్రాణం వాడకమే. తలుపు మూసి బోర్డు తగిలించడం కూడా ఒక రకం కూల్చడమే. మరమ్మతు చేయాలి, వంట సాగాలి.

మన సంగతికి వద్దాం. తుంగభద్ర కాలువ నీళ్లను నమ్ముకుని మనవాళ్లు కోస్తా నుంచి వచ్చినప్పుడు ఆ ఊరు మనది కాదు, భాష మనది కాదు. మనోంగ్‌ల కష్టాలు మనకు లేవు. మనవాళ్లు భూములు కొనుక్కున్నారు, పిల్లాజెల్లాతో వచ్చారు. ఆ పోలిక ఎక్కువ సాగదీయను. కానీ నీళ్ల వంతులు, అప్పులు, పెళ్లి సంబంధాలు, కన్నడం వాళ్లతో రాజీలు ఎక్కడ తేల్చుకున్నారో పెద్దవాళ్లను అడిగి చూడు. ఏసీ హాలు పక్క స్థలంలో కట్టండి. పాతది కొలతలతో సహా ఫొటోలు తీయించి, ఎవరు ఏ దూలం ఇచ్చారో రాయించండి. ముసలాళ్లుండగానే ఆ పని కావాలి.

వదినకు నమస్కారాలు. కమిటీ మీటింగు ఆ పాత హాల్లోనే పెట్టించు. పడగొట్టాలనుకున్నా ఆ మాట దాని కప్పు కిందే అనండి.

నీ తమ్ముడు