పెద్ద మోటారు కొనేముందు

మధిర చుట్టుప్రక్కల మిరప పండించే కుటుంబాలకు స్ప్రేయరు పంపు ఎంత అవసరమో పాఠకులకు చెప్పనక్కరలేదు. దానిలో చిన్న ఇనుప బుష్ అరిగినా ఆ రోజు మందు కొట్టడం ఆగిపోతుంది. ఊళ్ళో దొరకకపోతే ఖమ్మమో, విజయవాడో రైలెక్కవలసిందే. మా సంఘములోని ఒక వడ్రంగి సహోదరుని కుమారుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఇటువంటి బుష్‌లు ఇంటివద్దనే చేద్దామని, బల్లమీద పట్టేంత సి.ఎన్.సి. లేతు మిషను ఒకటి సరదాకొద్దీ సమకూర్చుకున్నాడు.

కుటుంబ ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఆ తండ్రి మాతో, "అయ్యగారూ, మిషనుకు మోటారు చాలడం లేదట. పెద్దది వేయాలంటున్నాడు. అప్పు ఇచ్చేవారు మీరు జామీను ఉంటే ఇస్తామన్నారు" అని చెప్పారు. కుర్రవాని ఫీజు కట్టవలసిన నెల కూడా అదే. సంతకం మాట తరువాత, ముందు మిషను చూస్తామన్నాము. రైల్వేలో టర్నరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న సంఘ పెద్ద ఒకరిని వెంటబెట్టుకొని మరునాడు వెళ్ళాము.

ఈ మిషనులో ఇనుప కడ్డీని చక్ బిగించి పట్టుకుంటుంది. చక్‌ను మోసే ఇరుసు స్పిండిల్. దానిని తిప్పేది ప్రధాన మోటారు. కోసే టూలును ముందుకు, వెనుకకు నడిపేవి వేరే చిన్న మోటార్లు. అవి కంప్యూటరులో వ్రాసిన అంకెల ప్రకారం నడుస్తాయి. కుర్రవాడు 40 మిల్లీమీటర్ల కడ్డీ పెట్టి నడిపి చూపించాడు. టూలు కాస్త లోతుగా దిగగానే స్పిండిల్ మూలిగి ఆగిపోయింది. టూలు మాత్రం ఆగలేదు. ఆగిన కడ్డీలోకి దూసుకుపోయి దాని మొన విరిగింది.

పెద్దాయన కాగితం తీసి లెక్క వేశారు. మామూలు హై స్పీడ్ స్టీల్ టూలుతో మెత్తని ఇనుమును నిమిషానికి సుమారు 30 మీటర్ల వేగంతో కోయాలి. 40 మిల్లీమీటర్ల కడ్డీకి అది నిమిషానికి 240 చుట్లు. ఆ మోటారు 350 వాట్లది, కాని నిమిషానికి 3000 చుట్లు తిరిగినప్పుడే ఆ 350 వాట్లు. ఇటువంటి డి.సి. మోటారు వేగం తగ్గిస్తే తిప్పే బలం అంతే ఉంటుంది, పెరగదు. చేయగల పని మాత్రం వేగంతోపాటు తగ్గిపోతుంది. మోటారు పుల్లీ, స్పిండిల్ పుల్లీ ఒకే కొలత కావడంవలన 240 చుట్ల దగ్గర మిగిలేది 28 వాట్లే. 750 వాట్ల మోటారు తెచ్చి అలాగే బిగించినా 60 వాట్లే వస్తాయి.

"మరి స్పిండిల్‌కు నాలుగింతల పుల్లీ వేస్తే?" అని పెద్దాయన కుర్రవానినే అడిగారు. వాడు కాసేపు లెక్క చూసుకొని, "మోటారు 960 చుట్లు తిరుగుతుందండీ. ఈ పాత మోటారే 112 వాట్లు ఇస్తుంది!" అన్నాడు. బెల్టు రాపిడిలో కొంత పోయినా, కొత్త మోటారు ఇచ్చేదానికంటె అది ఎక్కువే. ఇత్తడికి వేగం కావాలంటే మెట్ల పుల్లీమీద బెల్టు మార్చుకుంటే సరి.

తండ్రి అంతవరకు మౌనంగా విని ఒక మాట అన్నారు: "నేను మంచంకోళ్ళు తరిమెన పట్టేటప్పుడు ఉలి బరువెక్కితే చేతికి తెలుస్తుంది, వెనక్కి తీస్తాను. దీనికి ఆ చెయ్యేదీ?" మాకు ఏటికొప్పాక బొమ్మలు గుర్తుకు వచ్చాయి. అనకాపల్లి జిల్లాలోని ఆ ఊరివారు అంకుడు కర్రను తరిమెనమీద తిప్పి, లక్క రంగులు పూసి బొమ్మలు చేస్తారు. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. మనిషి తిప్పిన తరిమెనల స్థానంలో అక్కడకూ మోటార్లు వచ్చాయి. అయినను ఉలి పట్టినది మనిషి చెయ్యే గనుక, ఎంత నొక్కాలో ఆ చెయ్యే చెబుతుంది. కుర్రవాని మిషనులో స్పిండిల్ ఆగిన సంగతి కంప్యూటరుకు చెప్పేవారు లేరు. అటువంటి మిషనుకు బలం ఒక్కటే పెంచితే, ఈసారి ఆగకుండా కడ్డీని చక్‌లోనుండి పెరికి ఎదుట నిలిచినవాని మీదికి విసరవచ్చు.

కనుక మోటారుకంటె ముందు రెండు కొన్నారు. ఒకటి పుల్లీల జత. రెండవది స్పిండిల్ చుట్లను లెక్కించే సెన్సారు. చుట్లు తగ్గితే టూలును ఆపివేసేటట్లు కుర్రవాడు కంప్యూటరులో ఏర్పాటు చేశాడు. మరలు కోయడానికి కూడా ఈ లెక్కే ఆధారమట. చక్‌కు ఇనుప రేకు కాపు, మిషనుకు ఎర్తు తీగ పెట్టించేవరకు పెద్దాయన ఊరుకోలేదు. ఖర్చు అడిగిన అప్పులో చిన్న భాగమే అయింది. మా సంతకం అవసరపడలేదు. ఫీజు గడువులోగా కట్టారు.

ప్రియ పాఠకులారా, పెద్ద మోటారు ఎన్నడూ వద్దని మా భావము కాదు. పని పెరిగి, బేరింగులు, చక్, ఇంటి వైరింగు ఆ బలాన్ని మోయగలిగిన నాడు తప్పక వేసుకోవచ్చు. పిండిమరకైనా, బావి మోటారుకైనా ఈ మాట వర్తిస్తుంది. ఉన్న బలం ఎక్కడ పోతున్నదో కాగితంమీద లెక్క వేసి చూసిన తరువాతనే అప్పుపత్రం ముందు కూర్చోండి. మీ పిల్లలు యంత్రం కావాలని అడిగితే కసిరివేయకండి, వెంటనే అప్పూ చేయకండి. ఆ పని చేతితో చేసి ఎరిగిన పెద్దలు మీ వీధిలోనే ఉంటారు. పిల్లవానిని వారి దగ్గర ఒక పూట కూర్చోబెట్టండి.