మంచం కింద 23 వేల డాలర్ల చెక్కులు!

కౌబాయ్ సినిమాల నాటి అమెరికాలో ఓ చైనా నాడీవైద్యుడు మందుల కొట్టు నడిపాడంటే నమ్ముతారా? ఆ కొట్టు ఇప్పటికీ ఉంది. ఒరెగాన్ రాష్ట్రంలోని జాన్ డే అనే చిన్న ఊళ్లో. పేరు కామ్ వా చుంగ్. పోర్ట్‌లాండ్ నుంచి కారులో దాదాపు ఐదు గంటలు.

బయటి నుంచి చూస్తే మామూలు రాతి ఇల్లు, చిన్న చిన్న కిటికీలు. గైడ్ వెనకాలే లోపలికి వెళ్లాక కళ్లు ఆ మసక వెలుతురుకి అలవాటు పడటానికి కాసేపు పట్టింది. తర్వాత చూద్దును కదా, ఓ పక్క పెట్టెల నిండా వేర్లు, ఆకులు, బెరళ్లు. ఇంకో పక్క టీ, పొగాకు, డబ్బా సరుకులు. మన ఊళ్లో పచారీ కొట్టునీ ఆయుర్వేదం షాపునీ ఒకే గదిలో సర్దినట్టుంది! మూలికలే 500 రకాలకు పైగా ఉన్నాయట.

1880ల చివర్లో ఈ కొట్టు ఇద్దరు స్నేహితుల చేతికొచ్చింది. ఇంగ్ హే నాడి పట్టుకుని రోగమేంటో చెప్పేవాడు. లుంగ్ ఆన్ వ్యాపారం చూసుకునేవాడు. ఆయనకు ఇంగ్లిష్ బాగా వచ్చు. తోటి చైనా కూలీలకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు కూడా.

చైనా కూలీలు అమెరికాలోకి రావడానికి వీల్లేదని 1882లోనే చట్టం వచ్చింది. 1943 దాకా దాన్ని ఎత్తెయ్యలేదు. అలాంటి రోజుల్లో, ఒంట్లో బాగోకపోతే చుట్టుపక్కల తెల్లవాళ్లు వచ్చి చెయ్యి చాపింది మాత్రం ఈ 'డాక్ హే' ముందే!

లుంగ్ ఆన్ 1940లో, ఇంగ్ హే 1952లో చనిపోయారు. ఇద్దరూ కుటుంబాల్ని చైనాలో వదిలి వచ్చినవాళ్లే. మళ్లీ అక్కడికి వెళ్లనే లేదు. కొట్టుకి తాళం పడింది. ఊరు దాన్ని మర్చిపోయింది. 1960ల చివర్లో తెరిచి చూస్తే లోపల ఎక్కడి వస్తువులు అక్కడే ఉన్నాయి. ఇంగ్ హే మంచం కింద మాత్రం బ్యాంకులో వెయ్యని చెక్కులు బయటపడ్డాయి. మొత్తం 23,000 డాలర్లకు పైనే. వైద్యానికి జనం ఇచ్చినవి. పేదోళ్ల దగ్గర వసూలు చెయ్యడానికి మనసొప్పలేదేమో అనిపించింది నాకు.

1970ల్లో బాగుచేసి మ్యూజియంగా మార్చారు. 2005లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపొచ్చింది. చలికాలంలో మూసేస్తారు, టైమింగ్స్ చూసుకుని బయల్దేరండి. మూలికల పెట్టెల ఫొటోలు ఎలాగూ తీసుకుంటారు. ఆ మంచం దగ్గర కూడా ఓ నిమిషం ఆగండి.