బ్లైబర దేవదూతలు

పిల్లలూ! ఇంగ్లండుకు తూర్పున సఫోక్ అనే జిల్లా ఉన్నది. అక్కడ బ్లైత్ అనే చిన్న నది సముద్రంలో కలవబోయే ముందు బురదనేలల మీద విశాలంగా పరుచుకుంటుంది. ఆ ఒడ్డున బ్లైబర అనే చిన్న ఊరూ, ఆ ఊరికి మించిన పెద్ద చర్చీ ఉన్నవి. చర్చిని 15వ శతాబ్దంలో కట్టారు.

లోపల అడుగుపెట్టగానే తల పైకెత్తి చూడండి. గోడల పైభాగాన ఒక్కొక్క వైపున 18 కిటికీలు. వాటిలోంచి వచ్చే వెలుతురులో, కొయ్య పైకప్పు పొడుగునా, రెక్కలు చాచిన దేవదూతలు జంటలు జంటలుగా కనిపిస్తారు. వారినీ కొయ్యతోనే చెక్కారు. నాటి రంగులు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నవి.

ఇక కింద బల్లలు చూడండి. ఆ రోజుల్లో ప్రార్థనలు లాటిన్ భాషలో జరిగేవి. జనంలో చాలామందికి చదువు రాదు. అందుకని బల్లల అంచులకు బొమ్మలు చెక్కి మంచిచెడ్డలు చెప్పారు. సోమరి పక్కమీద ఉన్నాడు. తిండిపోతు బానపొట్ట పట్టుకుని ఉన్నాడు. (నా తరగతుల్లో వీరిద్దరూ ఎప్పుడూ చివరి బల్లమీదనే ఉండేవారు!) మరొకచోట ఆసనాలకు సిరాబుడ్లు పెట్టే గుంటలూ, పిల్లలు చెక్కిన పేర్లూ ఉన్నవి. ఒకప్పుడు అక్కడ బడి జరిగేది మరి.

దేవదూతల ఒంటినిండా చిన్నచిన్న రంధ్రాలున్నవి. ఎవరి పని? అందరూ విలియం డౌసింగు పేరు చెప్పేవారు. చర్చిలో బొమ్మలుండటం పాపమని నమ్మిన ప్యూరిటను అతడు. 1644 ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చి, బొమ్మలను దింపించమని ఆజ్ఞాపించాడు. తన డైరీలో రాసుకున్నాడు కూడా. కాని అందులో తుపాకి మాట లేదు.

1970 తరువాత పైకప్పు బాగుచేసినప్పుడు కొయ్యలో సీసపు రవ్వలు దొరికినవి. పరీక్షించి చూస్తే అవి డౌసింగు కాలానివి కావు, 18వ శతాబ్దానివి! చర్చి జమాఖర్చులు తిరగేస్తే 1761లో ఒక పద్దు కనబడింది: తుపాకిమందుకూ రవ్వలకూ ఇచ్చిన డబ్బు. ఎందుకు? లోపల చేరి గోల చేస్తున్న జాక్‌డాలనే చిన్న కాకులను కొట్టటానికి!

డౌసింగు చర్చిలో చేయించిన నష్టం నిజమే. కాని ఈ రంధ్రాలు మాత్రం చర్చివారు కాకులను కొట్టబోయి చేసినవి.