తొట్లో వేసిన రోజు

మా మరిది కొడుకును తొట్లో వేసే కార్యానికి స్పీకరు బాక్సులు బాడుగకు తెస్తానన్నాడు మావాడు. నేను వద్దన్నాను. చింతల వెంకటరమణస్వామి గుడి దగ్గరుండే భజన ఆడవాళ్ళను నలుగురిని పిలుద్దామన్నాను. "ఈ కాలంలో ఎవరు వింటారమ్మా?" అన్నాడు. నిజానికి నాకూ అనుమానంగానే ఉండింది.

మామ పోయి మూడేళ్ళు. అప్పటినుంచి ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా మా అత్త వెనక గదిలోనే ఉండిపోతుంది. ఉండమని ఎవరూ చెప్పలేదు. చేయి పట్టుకుని రమ్మన్నవాళ్ళూ లేరు, నాతో సహా. ఒకప్పుడు మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా జోలపాటకు ఆమె గొంతే ముందు.

ఆ రోజు ఓళిగలు కాల్చి కాల్చి నా నడుము పడిపోయింది, ఆ సంగతి వదిలేయండి. ఒక హార్మోనియం, ఒక కంజీర, తాళాలు. బిడ్డను తొట్లో వేసి అన్నమయ్య జోలపాట ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర అందరూ ఆగిపోయారు. మాట గుర్తు రాలేదు. హార్మోనియం మాత్రం అక్కడక్కడే తిరుగుతోంది. "నీవు తెలుగు బి.ఏ. కదమ్మా, అందించు" అని ఒకామె నావైపు చూసింది. నాకూ రాలేదు! అన్నమయ్య పాటలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయని, రేకుల మీద రాగం పేరే తప్ప స్వరం లేదని, మన అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మగారు వాటిలో ఎన్నింటికో బాణీలు కట్టారని చదివాను. మార్కులు వచ్చాయి. పాట రాలేదు.

అప్పుడు వెనక గదిలోనుంచి ఆ చరణం వినిపించింది. బొంగురుగా, మెల్లగా. హార్మోనియం ఆమె శ్రుతిని వెతుక్కుంటూ కిందికి దిగింది. బాక్సయితే ఆగేదీ కాదు, దిగేదీ కాదు. మా తోడికోడలు, పచ్చి బాలింత, ఏమీ మాట్లాడకుండా లేచిపోయి అత్తను చేయి పట్టుకుని తెచ్చింది. తొట్టి తాడు చేతికిచ్చింది. "నేనెందుకమ్మా, నేనెందుకు" అంటూనే ఊపింది అత్త. పెద్దవాళ్ళలో ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. తిప్పుకోనీ. ఆ పని నేను చేయాల్సింది, మూడేళ్ళ కిందటే.

అన్నాలు చల్లారిపోయేదాకా పాడించారు ఆమె చేత.

రాత్రి గిన్నెలు సర్దుతుంటే అత్త వచ్చి, "ఆ చరణం రాసుకోమ్మా, మళ్ళా మర్చిపోతావు" అంది.

"కాగితం కనపళ్ళేదు గానీ, ఇంకోసారి పాడు అత్తా" అన్నాను.